ఫార్మాట్ చేస్తే సరిపోతుందా?

కంప్యూటరు మొరాయించిందంటే మన దేశంలో ఏ ఊళ్ళోనైనా వినిపించే మాట ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." బటన్ నొక్కితే విండోస్ రాలేదు. నల్లటి తెర మీద రెండు ఇంగ్లీషు ముక్కలు కనబడ్డాయి. షాపుకి మోసుకెళతాం. అక్కడి కుర్రాడు ఆ రెండు ముక్కలూ చదవడు, ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడగడు. డిస్కు తుడిచేసి, విండోస్ మళ్ళీ ఎక్కించి, మర్నాడు బిల్లు చేతిలో పెడతాడు. ఇంతకీ ఏమైంది బాబూ అంటే "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్" అంటాడు. జ్వరమని వెళ్ళినవాడికి "మీకు ఒంట్లో బాగాలేదు" అని చెప్పి పంపినట్టుంటుంది ఈ జవాబు. మనం మాత్రం తృప్తిగా తలూపి ఇంటికొస్తాం.

కారణం తెలుసుకోకుండా చేసే మరమ్మతుకీ, గ్రహశాంతికీ మధ్య ఉన్న గీత చాలా సన్ననిదని నా అభిప్రాయం. రెండింట్లోనూ రోగమేమిటో ఎవరూ చెప్పరు. అన్ని రోగాలకీ ఒకటే మందు. తగ్గితే మందు గొప్ప, తగ్గకపోతే మన ఖర్మ. హోమం చేయించేవాళ్ళని చూసి నవ్వే మనవాళ్ళు కూడా ఈ ఫార్మాట్ అనే హోమానికి నోరు మూసుకుని దక్షిణ చెల్లిస్తున్నారు. నా బాధ అదీ.

ముందే చెప్పాలి, నేను ఇంజనీరుని కాను. బి.కాం. చదివి రక్షణ పద్దుల శాఖలో ముప్పై ఆరేళ్ళు లెక్కలు సరిచూసి రిటైరైనవాణ్ణి. అయితే కంప్యూటరు ఎందుకు లేవలేదో తెలుసుకోవడానికి కావలసిన బుద్ధి, లెక్క ఎందుకు కలవలేదో తెలుసుకునే బుద్ధి ఒకటేనని అనుభవం మీద తెలిసింది.

బూట్ అనే మాట ఇంగ్లీషు నానుడిలోంచి వచ్చింది. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తన్ను తాను పైకి లేపుకోవడం అని దాని భావం. యంత్రం నిద్ర లేవాలంటే ఒక ప్రోగ్రాం నడవాలి. ప్రోగ్రాం నడవాలంటే యంత్రం లేచి ఉండాలి. ఈ చిక్కుముడిని అంచెలంచెలుగా విప్పారు. స్విచ్ వేయగానే కరెంటు పెట్టె, అంటే ఎస్.ఎం.పి.ఎస్., తన వోల్టేజీలు కుదురుకున్నాక మదర్‌బోర్డుకి "కరెంటు బాగుంది" అని ఒక సంకేతం పంపుతుంది. అప్పుడు ప్రాసెసరు మదర్‌బోర్డు మీది చిప్పులో ఉన్న చిన్న ప్రోగ్రాం దగ్గరికి వెళుతుంది. పాత యంత్రాల్లో దాన్ని బయోస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. అది ర్యామ్, కీబోర్డు, డిస్కులు ఉన్నాయా లేవా అని హాజరు వేస్తుంది. తర్వాత ఏ డిస్కులో ముందు వెతకాలో తన దగ్గరున్న వరుస చూసుకుని, ఆ డిస్కులోని లోడరుకి పని అప్పగిస్తుంది. విండోస్ ఎక్స్‌పీలో ఆ లోడరు పేరు ఎన్.టి.ఎల్.డి.ఆర్., 2007లో వచ్చిన విస్టా నుంచి బూట్‌మేనేజర్. అది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ని ఎక్కిస్తుంది. కెర్నెల్ డ్రైవర్లని ఎక్కిస్తుంది. ఆఖరికి మీ పేరూ, పాస్‌వర్డూ అడిగే తెర వస్తుంది.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇదంతా ఛార్జి అప్పగింత. ఒకరి నుంచి ఒకరికి ఛార్జి మారుతూ పోతుంది. కనక మనం వేయవలసిన మొదటి ప్రశ్న "ఏం చేద్దాం?" కాదు, "ఛార్జి ఎవరి దగ్గర ఆగింది?" అన్నది. ఫ్యాన్ కూడా తిరగలేదా, కరెంటు సంగతి చూడాలి. ఫ్యాన్ తిరిగి, తెర నల్లగా ఉండి కీచుమని కూతలు వస్తున్నాయా, చాలాసార్లు ర్యామ్ కదిలి ఉంటుంది. కంపెనీ బొమ్మ వచ్చి "ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు" అంటోందా, డిస్కుగానీ, దాని తీగగానీ, వెతికే వరుసగానీ, లోడరుగానీ. విండోస్ బొమ్మ వచ్చి నీలి తెర పడిందా, ఒక డ్రైవరో, ఫైలో, డిస్కులో చెడిన చోటో, మళ్ళీ ర్యామో. మొదటి రెండు చోట్లా ఫార్మాట్‌కి ఏ సంబంధమూ లేదు. తక్కిన చోట్ల కూడా అది ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాదు.

ట్రయల్ బాలెన్స్ కలవనప్పుడు గుమాస్తా ఏం చేస్తాడు? పుస్తకాలు తగలబెట్టి కొత్తవి మొదలెట్టడు. తేడా ఎంతో చూస్తాడు. తేడా 9తో భాగారిస్తే అంకెలు తారుమారై ఉండొచ్చు, 540కి బదులు 450 రాస్తే తేడా 90. తేడా సరిసంఖ్య అయితే అందులో సగం మొత్తం ఎక్కడైనా జమకి బదులు ఖర్చు వైపు పడిందేమో వెతుకుతాడు. తప్పు తన ఆచూకీ తానే చెబుతుంది, వినేవాడుండాలి. ఏదీ దొరక్కపోతే సస్పెన్స్ ఖాతాలో వేస్తారు, నిజమే. కానీ సస్పెన్స్ ఖాతా అనేది "ఇది ఇంకా తేలలేదు" అని ఒప్పుకోవడం, తేలిపోయిందని ప్రకటించడం కాదు. సర్కారు సొమ్ము పోతే ఆ నష్టాన్ని రద్దు చేయడానికి కూడా విచారణ జరగాలి, కారణం రాయాలి, మళ్ళీ జరగకుండా ఏం చేశారో చెప్పాలి, అధికారం ఉన్నవాడు సంతకం పెట్టాలి. మరి మన ఇంటి డిస్కులోని పదేళ్ళ జ్ఞాపకాలని ఒక కుర్రాడు ఎవరి సంతకం మీద రద్దు చేస్తున్నాడు?

ఇది ఊరికే అనడం లేదు. 2017లో జరిగిన సంగతి చెబుతాను. నా పక్క సీట్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మిత్రుడొకడు అంతకు ముందు ఏడాది పోయాడు. వాళ్ళ అమ్మ పాడే స్త్రీల పాటలు, దంపుళ్ళ పాటలు ఆమె బతికుండగా రికార్డు చేసి కంప్యూటర్లో పెట్టుకున్నాడు. పాటల మధ్యలో "ఆ చరణం మళ్ళీ పాడమ్మా" అనే వాడి గొంతు కూడా ఉండేది. వేరే కాపీ లేదు. అతని భార్యకి ఒకరోజు బ్యాంకు సైటు తెరుచుకోలేదు. ఏదో సర్టిఫికెట్ తప్పంది. యంత్రంలో తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. కొన్నాళ్ళకి ఒక ఉదయం "ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు" అని వచ్చింది. షాపువాడు వైరస్ అన్నాడు. రెండు డిస్కులూ పూర్తిగా ఫార్మాట్ చేశాడు. విస్టా తర్వాతి విండోసుల్లో పూర్తి ఫార్మాట్ అంటే డిస్కు నిండా సున్నాలు రాయడమే. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికినా దొరికేదేమీ ఉండదు. దొరకలేదు కూడా.

పోనీ, జబ్బయినా కుదిరిందా అంటే అదీ లేదు. షాపులో రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచిన యంత్రం ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే పాట. తీసుకెళితే అక్కడ ఏవో మీటలు నొక్కారు, నడిచింది. "మా దగ్గర బాగానే ఉందమ్మా, మీ ఇంట్లోనే ఏదో ఉంది" అన్నారు. ఇంకేముంది, బంధువొకాయన రంగంలోకి దిగారు. కంప్యూటరు దక్షిణ ముఖంగా ఉంది, అందుకే లేవడం లేదన్నారు. బల్లని తూర్పు గోడకి మార్చారు. మార్చాక పంతొమ్మిది రోజులు ఏ పేచీ లేకుండా నడిచింది! వాస్తుకి జయం. ఇరవయ్యో రోజు వీధి ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతని అయిదు గంటలు కరెంటు తీశారు. కరెంటు వచ్చింది, విండోస్ రాలేదు. అప్పుడామె నాకు ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, ముందు ఏదో ఇంగ్లీషులో వస్తుంది, ఎఫ్1 నొక్కమంటుంది. నొక్కితే పోతుంది. తర్వాత ఇలా అంటుంది" అంది.

"ఆ మొదట వచ్చేదేమిటో అక్షరం వదలకుండా చదువమ్మా" అన్నాను. సీమాస్ చెక్‌సమ్ తప్పు అని ఉంది. రెండుసార్లు షాపు మెట్లెక్కిన యంత్రం అది. ప్రతిసారీ తన రోగం పేరు తానే తెర మీద రాసి చూపించింది. ప్రతిసారీ ఎఫ్1 నొక్కి చెరిపేశారు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, బయోస్‌లో మనం పెట్టుకున్న వరుసనీ నిలబెట్టేది అదే. అది నీరసిస్తే తేదీ వెనక్కి పోతుంది, డిస్కుల వరుస ఫ్యాక్టరీలో ఉన్నట్టు మారిపోతుంది. మా మిత్రుడు తర్వాతెప్పుడో కొన్న రెండో డిస్కుని మొదటి తీగకి తగిలించారు. విండోస్ ఉన్నది పాత డిస్కులో. వరుస చెదిరితే యంత్రం విండోస్ లేని డిస్కులో వెతికి, దొరకలేదని నిజాయితీగా చెబుతోంది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపి ఉన్నా సరే, మదర్‌బోర్డుకి సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది, బ్యాటరీతో పనిలేదు. షాపులో స్విచ్ ఆపరు. ఆమె పొదుపరి, ప్రతి రాత్రీ ఆపుతుంది. నీరసించిన బ్యాటరీ షాపు నుంచి ఇంటికొచ్చే అరగంట ఓర్చుకుంది, రాత్రంతా ఓర్చుకోలేకపోయింది. మరి తూర్పు గోడ మహిమ? అక్కడి ప్లగ్గు బీరువా వెనక ఉంది. చెయ్యి అందక ఎవరూ ఆ స్విచ్ ఆపలేదు.

ఇది నా ఊహ అయి ఉండొచ్చు కదా అని ఆ బంధువు అడిగారు. సరైన ప్రశ్నే. అందుకని నాలుగు రాత్రులు పరీక్ష పెట్టాం. దక్షిణ ముఖంగా పెట్టి స్విచ్ ఆపి ఒక రాత్రి, ఆపకుండా ఒక రాత్రి. తూర్పు గోడకి పెట్టి ఆపి ఒకటి, ఆపకుండా ఒకటి. ప్రతి పరీక్షకి ముందూ వరుస సరిచేసి పెట్టాను. ఏ ఉదయం లేస్తుందో, ఏ ఉదయం లేవదో ముందే కాగితం మీద రాసి ఆయన జేబులోనే పెట్టాను. స్విచ్ ఆపిన రెండు రాత్రుల తర్వాతా లేవలేదు, ఆపని రెండు రాత్రుల తర్వాతా లేచింది. గోడకీ దిక్కుకీ పూచిక పుల్లంత ప్రమేయం లేదు. అయిదో రోజు నలభై రూపాయల బ్యాటరీ మార్చి, వరుస సరిచేశాను. అంతే. ఆ రెండు డిస్కుల్లోనూ ఏ లోపమూ లేదు, మొదటి రోజు కూడా లేదు. ఆ పాటలు పోయింది వైరస్ వల్ల కాదు, బ్యాటరీ వల్లా కాదు. కారణం అడగని మరమ్మతు వల్ల.

ఆ నాలుగు రాత్రుల్లో నేను చేసినదంతా ఒకసారికి ఒక్కటే మార్చడం. బ్యాటరీ, ర్యామ్, తీగ, బల్ల అన్నీ ఒకేసారి మార్చి ఉంటే యంత్రం లేచేదే, ఎందుకు లేచిందో తెలిసేది కాదు. తాయెత్తు కట్టించుకుని, మాత్ర వేసుకుని, మొక్కు మొక్కుకున్నవాడికి జ్వరం తగ్గితే పేరు ఎవరికి వెళుతుందో మనకి తెలిసిందే. మాత్రకి మాత్రం కాదు.

చిన్న యంత్రం మాట వదిలేయండి. 2024 జూలై 19, శుక్రవారం సంగతి చూడండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ మన కాలమానం ప్రకారం ఉదయం 9:39కి ఒక ఫైలు పంపింది. ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు నీలి తెర వేసి కూలాయి, మళ్ళీ లేవబోయి మళ్ళీ కూలాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల యంత్రాలు. విమానాలు ఆగాయి, హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్ళే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. కారణమేమిటి? ఆ ఆగస్టు 6న కంపెనీ తన విచారణ నివేదిక ప్రకటించింది. మా పద్దుల వాళ్ళకి ఇట్టే అర్థమయ్యే తప్పు అది: ఫారంలో 21 గడులున్నాయి, ప్రోగ్రాం అందించింది 20 విలువలే. అంతకు ముందు ఫైళ్ళలో 21వ గడిని చూడవలసిన అవసరం రాలేదు. ఆ రోజు ఫైలులో వచ్చింది. లేని గడి కోసం చూడబోయి ప్రోగ్రాం తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. అది కెర్నెల్ స్థాయిలో నడిచేది కనక విండోస్ మొత్తం ఆగిపోయింది.

మందు ఏమిటి? ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోగానీ, రికవరీలోగానీ లేపి, ఆ ఒక్క ఫైలూ తుడిచేసి, మళ్ళీ స్విచ్ వేయడం. డిస్కుకి తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ సంఖ్య కొట్టాలి. విసుగు పని, ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి నడవాలి. అయినా కారణం తెలిసింది కనక 85 లక్షల డిస్కుల్లోని సమాచారాన్ని ఎవరూ హోమగుండంలో వేయలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. చెడ్డ ఫైలు వెళ్ళింది 9:39కి. దాన్ని సరిదిద్ది మంచి ఫైలు పంపింది 10:57కి. పంచాంగాల్లో శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. అంటే కీడు జరిగింది రాహుకాలం రాకముందు, మేలు జరిగింది నట్టనడి రాహుకాలంలో! దీన్ని పట్టుకుని రాహుకాలం మంచిదని నేను వాదించను. ఒక్క సంఘటన దేన్నీ రుజువు చేయదు. కానీ వేళలు అటూ ఇటూ అయి ఉంటే ఎంతమంది "చూశారా" అని ఉండేవారో ఊహించుకోండి. ఇప్పుడు కూడా జవాబు సిద్ధమే: అది ఆషాఢ మాసం కదా అంటారు. ఏం జరిగినా సరిపోయే జవాబు కారణం కాలేదు. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" కూడా ఆ జాతిదే.

ఇక అవతలి పక్షం వాదన కూడా వినాలి. షాపు కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. ఫార్మాట్‌కి ఇంత అని రేటుంది, కారణం వెతికినందుకు రేటు లేదు. మూడు గంటలు కూర్చుని "మీ బ్యాటరీ పోయింది, నలభై రూపాయలు" అంటే, మూడు గంటల కూలి ఇచ్చేవాళ్ళెంతమంది? మనం కొనుక్కుంటున్నది హడావుడిని, వాళ్ళు అమ్ముతున్నదీ అదే. ఇంకొకటి, ఫార్మాట్ ఎప్పుడూ తప్పని నేను అనను. మొండి వైరస్ మూలాల్లోకి దిగినప్పుడు, ఫైళ్ళు కోలుకోలేనంతగా చెడినప్పుడు, యంత్రం చేతులు మారుతున్నప్పుడు అదే సరైన పని. "ఒకసారి ఆపి మళ్ళీ వేయండి" అనే సలహా కూడా మూఢనమ్మకం కాదు. ర్యామ్‌లో పేరుకున్న తప్పుడు స్థితి చెరిగిపోతుందన్న కారణం దానికుంది. నేను అడిగేదల్లా వరుస. ముందు చదవండి, తర్వాత కాపీ తీయండి, తర్వాత పరీక్షించండి, ఆఖరున తుడవండి. విండోస్ లేవకపోయినా పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ లేపి డిస్కులోని ఫైళ్ళు కాపీ తీసుకోవచ్చు. ఆ డ్రైవు మన దగ్గర ఒకటుంటే సగం దిగులు పోతుంది.

1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ 2 అనే రిలే కంప్యూటరు తప్పులు చేస్తుంటే, లోపల వెతికి, ఒక రిలేలో ఇరుక్కున్న చిమ్మట పురుగుని బయటికి తీశారు. దాన్ని పారేయలేదు. లాగ్‌బుక్కులో టేపుతో అంటించి, ఏ ప్యానెల్లో ఏ రిలేలో దొరికిందో పక్కనే రాశారు. యంత్రంలో తప్పుని బగ్ అనడం అంతకు ముందు నుంచీ ఉంది గానీ, నన్ను ఆకట్టుకున్నది ఆ మాట కాదు, ఆ టేపు. ఖర్చుకి వోచరు జతపరిచినట్టు, తప్పుకి కారణాన్ని జతపరిచారు. అదీ మరమ్మతంటే. యంత్రం లేచినప్పుడు పూర్తి కాదు, ఎందుకు పడిందో రాసి అంటించినప్పుడు పూర్తవుతుంది.

కనక మిత్రులారా, ఈసారి ఎవరైనా ఫార్మాట్ అంటే మూడు ప్రశ్నలు అడగండి. యంత్రం ఏం చెప్పింది? మీరు ఏమేం పరీక్షించి కాదని తేల్చారు? ఇదే కారణమని మీకెలా తెలిసింది? మూడింటికీ జవాబు వస్తే ఆ కుర్రాడికి అడిగినదానికంటే ఓ వంద ఎక్కువే ఇవ్వండి, అతను అరుదైన మనిషి. రాకపోతే డిస్కు విప్పి చేతికిమ్మని అడిగి ఇంటికి తెచ్చుకోండి. అందులో ఎవరి గొంతులు ఉన్నాయో అతనికి తెలియదు.